ఓడర్ ఒడ్డున ఒక పూట

"పాచి" అనే మాట మీద మన తెలుగువాళ్ళకు మొదటినుంచీ ఎందుకో చిన్నచూపు. పాచినోరు, పాచిపళ్ళు, పాచిముఖం, పాచిపని - ఇంట్లో ఈ మాట వినబడిందంటే కడగవలసినదేదో మిగిలి ఉందన్నమాటే. పోనీ, సంస్కృతంలోకి వెళ్ళి "శైవాలం" అంటే కాస్త గౌరవంగా ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. కావ్యాలలో సరోవర వర్ణన వచ్చినప్పుడల్లా "శైవాలమనగా నాచు" అని అర్థం చెప్పి ముందుకు సాగిపోవడమే గాని, ఆ నాచు ఏమిటో, దానివల్ల ఎవరికి ఏమి ఉపకారమో ఒక్కనాడూ ఆలోచించిన పాపాన పోలేదు.

నాకు నాచుతో ఉన్న పరిచయమంతా మా ఊరి గోదావరి రేవు మెట్ల మీదనే. "ఆ పచ్చమెట్టు మీద కాలు పెట్టకే, జారి గోదాట్లో పడతావు" అని మా అమ్మమ్మ కేకవేసేది. నేను తప్పక ఆ మెట్టు మీదే కాలు పెట్టేదాన్ని. అంతవరకే మా స్నేహం.

అటువంటి నేను 2025 వేసవి సెలవుల్లో సముద్రాలు దాటి పోయి, ఒక పరాయి నది ఒడ్డున వంగి కూర్చుని, రాతిమీద పాచిని వేలితో తడిమి చూస్తూ గంటసేపు గడిపానంటే మా అమ్మమ్మ నమ్మదు. మీరైనా నమ్మాలి. ఆ కథే ఇది.

మా చెల్లెలు, మరిదిగారు బెర్లిన్ నగరంలో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళకొక పదేళ్ళ కూతురు. ఇంట్లో చిన్నారి అని పిలుస్తాం. "అక్కా, నువ్వు రిటైరయ్యాక వస్తానంటే మేము ముసలివాళ్ళమైపోతాం, ఈ ఏడాదే రా" అని చెల్లెలు పట్టుబట్టి టిక్కెట్టు పంపింది. వెళ్ళాను. మొదటి వారమంతా ఊరు చూడడం, మ్యూజియములు తిరగడం, వాటి నడుమ ఆవకాయ జాడీ మూత తీయడం, పెట్టడంతో గడిచిపోయింది.

రెండవ వారంలో ఒకనాటి సాయంకాలం చెల్లెలు పొయ్యిమీద చారు పెట్టి, ఆఫీసు ఫోను వస్తే గదిలోకి వెళ్ళింది. ఆ ఫోను ఎంతకూ తెమలలేదు. నేనూ చిన్నారీ కబుర్లలో పడ్డాం. చెల్లెలు తిరిగివచ్చేసరికి గిన్నెలో చారు మరిగి మరిగి సగమైంది. భోజనాల దగ్గర మరిదిగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు కషాయం" అన్నారు.

"నేను వేసింది రోజూ వేసే చెంచాడే" అంది చెల్లెలు.

"మరి తప్పెవరిదీ?" అంది చిన్నారి.

అందరం నవ్వుకున్నాం. కాని ఆ పిల్ల నవ్వలేదు. పుస్తకం తీసి నాకు చూపించింది. బళ్ళో వాళ్ళకు నదులమీద ఒక వ్యాసం రాయమన్నారట. ఈ పిల్ల ఓడర్ నదిని ఎంచుకుంది. పుస్తకం నిండా వెల్లకిలా తేలుతున్న చేపల బొమ్మలు గీసింది. వాటి కింద ఏదో రాసి ఉంది. "ఏమిటమ్మా ఇది?" అని అడిగాను.

"2022లో ఓడర్‌లో చేపలన్నీ చచ్చిపోయాయి పెద్దమ్మా. ఎవరో విషం కలిపారని పోలీసులు వెతికారు. పట్టిచ్చినవాళ్ళకు బహుమతి ఇస్తామన్నారు. 'దొంగ ఎవరు?' అని రాశాను. అక్కడ ఆగిపోయింది."

"అయితే ఆదివారం అక్కడికే వెళ్దాం" అన్నారు మరిదిగారు.

రెండు ఫ్రాంక్‌ఫుర్టులు

మేము వెళ్ళిన ఊరు ఫ్రాంక్‌ఫుర్ట్. విమానాలు దిగే ఫ్రాంక్‌ఫుర్ట్ అనుకునేరు, అది కాదు. అది జర్మనీకి పడమటివైపు మైన్ నది మీద ఉంది. ఇది తూర్పు కొసన ఓడర్ నది మీద ఉంది. బెర్లిన్‌లో రైలెక్కితే గంటలో దిగుతాం. దారిపొడుగునా దేవదారు తోపులూ, ఇసుక నేలలూను. ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర పొట్లం రైల్లోనే సగం ఖాళీ అయింది.

ఊరు చిన్నది. అరవైవేల మందికి లోపే. కాని చరిత్ర పెద్దది. ఇక్కడి విశ్వవిద్యాలయం 1506లో పెట్టినది. 1811లో మూతపడి, 1991లో మళ్ళీ తెరిచారు. సెయింట్ మేరీ చర్చిలో మధ్యయుగాలనాటి రంగుటద్దాల కిటికీలున్నాయి. యుద్ధం ముగిశాక అవి రష్యాకు తరలిపోయి, 2002లో తిరిగివచ్చాయి. జర్మను నాటకకర్త క్లైస్ట్ 1777లో పుట్టింది ఈ ఊళ్ళోనే. సాహిత్యం చెప్పుకు బతికేదాన్ని కనుక ఆయన మ్యూజియం గుమ్మంలో నిలబడి ఒక దణ్ణం పెట్టుకున్నాను.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మరొక పేరు. అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ కుర్రవాడుగా ఉన్నప్పుడు, 1787లో, అన్నగారితో కలిసి కొన్నాళ్ళు ఇక్కడ చదువుకున్నాడు. తరువాత గనుల తనిఖీ ఉద్యోగం చేశాడు. ఆపైన దక్షిణ అమెరికా యాత్రకు వెళ్ళి, 1800లో వెనిజులాలోని వలెన్సియా సరస్సు ఎందుకు ఇంకిపోతున్నదని ఆరా తీశాడు. చుట్టూ అడవులు నరికివేయడం, ఏటినీళ్ళను పొలాలకు మళ్ళించడం అందుకు కారణాలని తేల్చాడు. మనిషి చేసే పని గాలినీ నీటినీ మార్చగలదని అంత ముందుగా చెప్పినవాడాయన. గనులూ తెలిసినవాడు, నీళ్ళూ తెలిసినవాడు. ఆయన చదువుకున్న ఊరి నదికే ఆ రెండూ కలిసి గండం తెచ్చిపెట్టాయి. ఆ సంగతి నాకు మధ్యాహ్నానికిగాని అర్థం కాలేదు.

వీధి చివరికి వెళ్ళగానే నది కనిపించింది. గోదావరిని చూసిన కళ్ళకు ఓడర్ పెద్ద నదిలా కనిపించదు. ఈ ఒడ్డున నిలబడి కేకవేస్తే ఆ ఒడ్డున వినబడుతుంది. కాని ఆ కేక మరో దేశంలో వినబడుతుంది. అవతలి ఒడ్డు పోలండు. 1945 వరకు అది ఈ ఊరికే ఒక పేట. యుద్ధం తరువాత నది సరిహద్దయింది. పేట స్వుబిత్సె అనే పోలిష్ ఊరయింది. చెక్ దేశపు కొండల్లో పుట్టి, పోలండులో పారి, ఇక్కడికి వచ్చి రెండు దేశాలకూ హద్దుగా నిలిచి, చివరకు బాల్టిక్ సముద్రం దారి పడుతుంది ఓడర్. మొత్తం సుమారు 850 కిలోమీటర్ల నడక.

పాచి చేసే ఉపకారం

ఒడ్డునుంచి నదిలోకి రాళ్ళ గట్లు కట్టి ఉన్నాయి. మన గోదావరి గట్ల మీద గ్రోయిన్లు అంటారే, అటువంటివి. ఒక గట్టు చివర నీళ్ళలో మునిగిన రాయిని చిన్నారి చూపించి, "తాకి చూడు పెద్దమ్మా" అంది.

తాకాను. చేప ఒంటి మీది జిగురులాగా జారుతోంది. పచ్చగా లేదు, తేనెరంగులో ఉంది. వేలికి అంటినదాన్ని ఎండలో చూస్తే బంగారప్పొడిలా మెరిసింది.

"ఇది మంచి పాచి" అంది చిన్నారి, పక్కింటివాళ్ళను పరిచయం చేస్తున్నట్టు.

ఆ పిల్ల చెప్పినవీ, మరిదిగారు విడమరిచినవీ, తరువాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి చెబుతాను. ఏటి రాళ్ళమీద ఉండే ఈ గోధుమరంగు జిగురులో ఎక్కువ భాగం డయాటములు అనే అతిసూక్ష్మమైన నాచు. ఒక్కొక్క దానికి గాజులాంటి పదార్థంతో చేసిన పెంకు ఉంటుంది - కుంకుమ భరిణకు మూత పెట్టినట్టు రెండు చిప్పలు. ఎండను పట్టి అన్నం వండుకుంటుంది, ప్రాణవాయువును నీటిలోకి వదులుతుంది. నత్తలూ, నీటిపురుగుల పిల్లలూ ఈ జిగురును గీక్కుని తింటాయి. వాటిని చిన్నచేపలు, చిన్నచేపలను పెద్దచేపలు, వాటిని కొంగలూ మనుషులూ. అంటే నదిలో అందరికీ అన్నం పెట్టే వంటిల్లు ఈ పాచే. మనం కాలు జారుతుందని తిట్టేది ఈ వంటింటినే!

ఈ వంటిల్లు చాలా సున్నితమైనది. డయాటములలో చాలా రకాలకు చల్లని, కదిలే నీరు ఇష్టం. నీరు వెచ్చబడి, ప్రవాహం మందగించి, పొలాలనుంచి ఎరువులూ ఊళ్ళనుంచి మురుగూ చేరితే, నీలిపచ్చ నాచులూ, దారాల్లా సాగే పచ్చనాచులూ పైచెయ్యి అవుతాయి. వీటిలో కొన్ని నత్తలకూ పురుగులకూ సరిగా తిండికి పనికిరావు. కొన్ని ఏకంగా విషమే.

నీటిలో తేలే నాచుకు మరొక లెక్క ఉంది. నది వడిగా పారేటప్పుడు, ఆ నాచు పెరిగి రెట్టింపయ్యేలోగానే సముద్రంలోకి కొట్టుకుపోతుంది. నది నెమ్మదిస్తే దానికి తీరిక దొరుకుతుంది. తీరిక దొరికితే పెరుగుతుంది. కనుక వానలు తప్పి, ఎండలు ముదిరి, నీరు తగ్గడమంటే చేపకు మాత్రమే కష్టం కాదు, నాచుల రాజ్యంలో ప్రభుత్వమే మారిపోవడమన్నమాట. పోనీ వాన కురిస్తే బాగుపడుతుందా అంటే, ఇప్పటి వానలు కుండపోతలు. ఒక్క వరద వచ్చి రాళ్ళమీద ఉన్న మంచి పాచినంతా గీరిపారేస్తుంది. వంటిల్లు మళ్ళీ మొదటినుంచి కట్టుకోవాలి. భూమి వేడెక్కుతున్నదంటే మనకు ఉక్కపోత, కరెంటు బిల్లూ గుర్తుకు వస్తాయి గాని, ఏటి అడుగున రాతిమీద ఇంత జరుగుతుందని ఎవరనుకున్నారు?

బహుమతి ఎవరికి?

గట్టుమీద ఒక పెద్దాయన గాలం వేసుకుని కూర్చున్నాడు. డెబ్భై దాటి ఉంటాయి. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. నేను చీరకట్టుతో రాళ్ళమీద కూర్చుని పాచి తడమడం చూసి ఆయనకు ముచ్చట వేసింది కాబోలు, తానే పలకరించాడు. మరిదిగారు మధ్యవర్తి. మా పులిహోర ఆయన తిన్నాడు. ఆయన ఫ్లాస్కులో కాఫీ మేము తాగాం. అప్పుడు చిన్నారి తన ప్రశ్న వేసింది.

ఆయన గాలం పైకి తీసి పక్కన పెట్టాడు.

"2022 ఆగస్టు. ఎండలు మండిపోతున్నాయి. ఇదిగో, ఈ గట్టు మొత్తం బయటపడి, నది మధ్యకు నడిచిపోయేటట్టు ఉండేది. పైన పోలండులో జూలై నెలాఖరునుంచే చేపలు చస్తున్నాయని తరువాత తెలిసింది. మాకెవరూ చెప్పలేదు. ఆగస్టు రెండవ వారంలో ఒక పొద్దున వస్తే నీళ్ళు కనబడలేదమ్మా, పొట్టలే కనబడ్డాయి. తెల్లటి పొట్టలు. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా."

పారలూ, చేతితొడుగులూ తెచ్చుకుని రెండు ఒడ్డులా జనం దిగారట. ఆయన కూడా దిగాడు. వెంట ఎనిమిదేళ్ళ మనవడు. ఆ జూలైలోనే వాడు మొదటిసారి గాలానికి చేపను పట్టి, సంతోషం పట్టలేక రాత్రంతా నిద్రపోలేదట. "నెల తిరక్కుండా వాడే నా పక్కన నిలబడి చచ్చిన చేపలను ఏరి తొట్టిలో వేశాడు. తనకన్నా పొడుగైన వాలుగచేపను లాగలేక ఏడ్చాడు. ఆనాటినుంచి వాడు నదికి రాలేదు. రమ్మంటే, అది చచ్చిపోయింది గదా తాతా అంటాడు. ఇప్పుడు పదకొండేళ్ళు."

ఎవరమూ కాసేపు మాట్లాడలేదు. నీళ్ళు రాళ్ళకు తగిలే చప్పుడు మాత్రం వినబడింది.

ఆనాటి సంగతులు ప్రపంచమంతటి పత్రికలలోనూ వచ్చాయి. విషం కలిపిన దొంగను పట్టించినవారికి పది లక్షల జ్లోటీలు బహుమతి ఇస్తామని పోలిష్ పోలీసులు ప్రకటించారు. పాదరసమన్నారు. మరేదో రసాయనమన్నారు. ఏదీ నిలవలేదు. రెండు దేశాలవారూ కలిపి సుమారు 360 టన్నుల చేపలు చచ్చిపోయి ఉంటాయని ఐరోపా సంఘంవారు 2023లో వెలువరించిన నివేదిక లెక్క. అంటే మూడు లక్షల అరవైవేల కిలోలు. నత్తలూ, ఆల్చిప్పలూ కూడా పోయాయి.

విచిత్రమేమంటే, ఈ ఫ్రాంక్‌ఫుర్ట్ దగ్గరే నీటిని ఎల్లవేళలా కొలిచే యంత్రమొకటి ఉంది. చేపలు చచ్చిపోయాయంటే నీటిలో ప్రాణవాయువు తరిగిపోయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. యంత్రం చూస్తే, ఆ రోజులలో ప్రాణవాయువు తగ్గలేదు, పెరిగింది! నీటిలో ఉప్పూ పెరిగింది. ఊపిరికి లోటులేని చోట చేపలు ఊపిరాడక చచ్చాయన్నమాట.

ఆ రెండు గుర్తులను పట్టుకుని బెర్లిన్‌లోని లైబ్నిట్స్ మంచినీటి పరిశోధన సంస్థవారు సూక్ష్మదర్శిని కింద నీటిచుక్క పెట్టి చూశారు. దొంగ కనిపించింది. ప్రాణవాయువు పెంచింది కూడా అదే. ఎండలో వంట చేసుకుంటూ ఆ గాలిని వదిలింది. దాని పేరు ప్రిమ్నీసియం పార్వం. వాడుకలో బంగారు నాచు. పార్వం అంటే లాటిన్‌లో చిన్నది అని అర్థం. అవును, వంద నాచుకణాలను వరసగా నిలబెడితే ఒక మిల్లీమీటరు. కొరడాల్లాంటి రెండు తోకలతో ఈదుతుంది. ఎండతో వండుకోగలదు, చాలకపోతే పక్కనున్న సూక్ష్మజీవులను మింగనూ గలదు. అది విడిచే విషం చేపల మొప్పలను చితికిస్తుంది. ఆ ఆగస్టులో లీటరు ఓడర్ నీటిలో పదికోట్లకు పైగా ఉన్నదట ఈ నాచు.

"అయితే దొంగ నాచేనా?" అంది చిన్నారి.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ఈ నాచుకు మంచినీళ్ళు పడవు పాపా. సముద్రం దగ్గరి ఉప్పుకలిసిన నీళ్ళలో బతికేది. సముద్రానికి ఇంత దూరంలో, మా నదిలో దానికేం పని? ఆ ఉప్పెక్కడిదని అడుగు."

ఉప్పు వేసిన చెయ్యి

ఉప్పు గనులనుంచి వచ్చింది. పోలండు దక్షిణాన నేల లోతుల్లో బొగ్గు గనులున్నాయి, రాగి గనులున్నాయి. లోతుకు పోయినకొద్దీ ఊరే నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటిని పైకి తోడకపోతే గని మునిగిపోతుంది. తోడిన నీటిని ఎక్కడో వదలాలి. నదిలోకి వదులుతారు. ఇది ఆ ఏడు కొత్తగా పుట్టిన పని కాదు. దొంగచాటుగా చేసిందీ కాదు. ఏళ్ళతరబడి అనుమతి కాగితాలతో జరుగుతున్నదే.

"మరి అంతకు ముందు చేపలు ఎందుకు చావలేదు?" అని నేనే అడిగాను.

"ఎందుకంటే వదినా, అప్పుడు గిన్నెలో నీళ్ళున్నాయి" అన్నారు మరిదిగారు.

నాకు ఒక్కసారిగా మొన్నటి చారు గిన్నె కళ్ళముందు కదిలింది.

ఐరోపాలో అప్పటికి నమోదైన వేసవులలోకెల్లా వేడి వేసవి 2022ది. దానికి తోడు కరువు. నదులన్నీ అడుగంటాయి. ఓడర్‌లోకి వచ్చే ఉప్పు రోజూ వేసే చెంచాడే. కాని దాన్ని కలుపుకునే నీరు తరిగింది. చారు ఉప్పెక్కింది. పైభాగంలో ఓడర్‌కు అడుగడుగునా అడ్డుకట్టలున్నాయి, పడవలు నడవడానికి తవ్విన గ్లివిత్సె కాలువ వచ్చి కలుస్తుంది. ఆ నిలవనీటిలో బంగారు నాచుకు కావలసినంత తీరిక. పొలాల ఎరువులూ, ఊళ్ళ మురుగూ దానికి తిండి. మబ్బులేని ఆకాశం, గోరువెచ్చని నీరు. పెళ్ళివారికి విడిది ఏర్పాటు చేసినట్టు అన్నీ అమర్చిపెట్టాం. అది వచ్చి కూర్చుంది.

ఇటువంటిది ఓడర్‌కు మాత్రమే జరగలేదు. అమెరికాలో పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా రాష్ట్రాల సరిహద్దులో డంకర్డ్ క్రీక్ అనే చిన్న ఏరున్నది. 2009 సెప్టెంబరులో ఆ ఏటిలో చేపలూ, ఆల్చిప్పలూ మైళ్ళ పొడుగునా చచ్చిపోయాయి. అక్కడా ఈ బంగారు నాచే. అక్కడా బొగ్గు గనుల ఉప్పునీరే. టెక్సాస్‌లోని పేకోస్ నదిలో 1985లోనే ఇది కనిపించింది.

ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది? గనులవారిని అడిగితే, "మేము ఎప్పుడూ వేసే ఉప్పే వేశాం, ఎండ అట్లా కాసింది, మేమేం చేస్తాం?" అంటారు. ఆ మాట వింటే నిజమేననిపిస్తుంది. ఎండ పేరు చెబితే ఎవరినీ నిలదీయనక్కరలేదు, అందరికీ సుఖం. కాని ఎండ ఒక్కటే అయితే, ఆ ఏడు ఐరోపాలో అడుగంటిన నదులు ఎన్నో ఉన్నాయి. వాటిలో నీళ్ళు తగ్గాయి గాని ఇంత చావు రాలేదు. ఉప్పున్న నదికే చావు వచ్చింది. నది ఎన్నో ఏళ్ళుగా మన తప్పులను కడుపులో పెట్టుకుని కాస్తూ వచ్చింది. ఎండ వచ్చి ఆ ఓర్పును ఇగిర్చివేసింది. కొత్త తప్పేమీ జరగలేదు. పాత తప్పులకే మన్నింపు కరువైంది.

ఆ సాయంకాలం వంతెన మీదుగా స్వుబిత్సెకు నడిచి వెళ్ళి వచ్చాం. వంతెన మధ్యన ఆగి చూస్తే, పడమటి ఎండలో నది ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను. చేపలు మెల్లమెల్లగా తిరిగి వస్తున్నాయని పెద్దాయన అన్నాడు. కాని ఆ బంగారు నాచు కూడా పోలేదు. ఎగువన తిష్ఠవేసింది. 2024 ఆగస్టులో గ్లివిత్సె కాలువ ప్రాంతంలో మళ్ళీ టన్నులకొద్దీ చేపలు చచ్చిపోయాయి. ఇప్పుడు రెండు దేశాలవారూ నాచును కనిపెట్టి చూస్తున్నారు. ఉప్పు సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

విడిపోయేముందు పెద్దాయన చిన్నారితో ఒక మాటన్నాడు. "నీ వ్యాసం పూర్తయితే నాకొక నకలు పంపు పాపా. మా మనవడి చేత చదివిస్తాను. నది చావలేదని నేను చెబితే వాడు వినడు. నీ ఈడువాళ్ళు చెబితే వింటాడేమో."

మళ్ళీ మా రేవులో

సెలవులు ముగిసి ఇల్లు చేరాను. వచ్చిన మరునాటి సాయంకాలమే మా అమ్మాయిని వెంటబెట్టుకుని రేవుకు వెళ్ళాను. దానికి పదిహేనేళ్ళు. గోదావరి గాలి పీల్చి పెరిగిన పిల్లేగాని, గోదావరిలో దిగి స్నానం చేసింది లెక్కపెడితే రెండుసార్లు. ఒకటి 2015 పుష్కరాలకు, ఐదేళ్ళ పసిపిల్లగా. "నీళ్ళు బాగుండవమ్మా" అంటుంది. పెద్దాయన మనవడు గుర్తుకు వచ్చాడు. నది చచ్చిపోయిందని వాడు నోటితో అన్నాడు. మా పిల్ల నోటితో అనదు. అంతే తేడా.

మా అమ్మమ్మ కేకలువేసిన మెట్టు ఇంకా అక్కడే ఉంది. పచ్చగానే ఉంది. నేను వంగి తాకబోతే, "జారతావమ్మా!" అంది మా అమ్మాయి. అచ్చం ముత్తవ్వ గొంతే!

ఇన్నేళ్ళూ నేను ఆ మెట్టు మీది పాచినే చూశాను. పక్కనే ఊళ్ళోనుంచి వచ్చి కలిసే మురుగుకాలువను చూడలేదు. అది అక్కడ లేక కాదు. గోదావరి పెద్దది, ఏం చేసినా కలుపుకుపోతుందని ఒక ధీమా. వేసవిలో ఆనకట్ట ఎగువన నీరు కదలక నిలిచి, తిప్పలు బయటపడి, ఎండ ఏటికేడు పెరుగుతుంటే ఆ ధీమా ఎన్నాళ్ళు? 2021 మే, జూన్ నెలలలో కాశీలో గంగ కొన్నాళ్ళపాటు ఆకుపచ్చగా మారింది. అది వార్తలలో చూసి "అయ్యో" అనుకుని పేజీ తిప్పినదాన్ని నేను. గంగ కూడా పెద్దదే గదా!

ఆ రాత్రి చిన్నారికి ఉత్తరం రాశాను. దాని వ్యాసానికి నాకు తోచిన ముగింపు ఇది.

"అమ్మలూ, దొంగ ఎవరని అడిగావు. చారు ఉప్పెక్కితే పొయ్యిదీ తప్పే, ఉప్పు వేసిన చెయ్యిదీ తప్పే. ఈ పొయ్యి లోకమంతా కలిసి మండించింది. లోకమంతా కలిస్తేగాని తగ్గదు. దానికి చాలా ఏళ్ళు పడుతుంది, అయినా తగ్గించక తప్పదు. ఉప్పు వేసే చెయ్యి మాత్రం ఏ ఊరికి ఆ ఊళ్ళోనే ఉంటుంది. దాన్ని ఇవాళే పట్టుకోవచ్చు. పొయ్యి పెద్దదైనకొద్దీ ఉప్పు తగ్గించుకోవాలని మీ అమ్మకు తెలుసు. ఆ మాత్రం పెద్దవాళ్ళకు ఎందుకు తెలియదో నాకు తెలియదు. మా ఊళ్ళో ఒక మురుగుకాలువ ఉంది. 2027లో మా నదికి మళ్ళీ పుష్కరాలు. ఆలోగా ఆ కాలువ సంగతి తేల్చమని మా కాలేజీ పిల్లల చేత మునిసిపాలిటీకి అర్జీ రాయిస్తున్నాను. తెలుగు చెప్పేదాన్ని, అర్జీ రాయించడమైనా చేతకాకపోతే ఎట్లా?"

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. వ్యాసం పూర్తయిందట. ఒక నకలు పెద్దాయనకు పంపిందట. అట్ట మీద చచ్చిన చేపల బొమ్మ తీసివేసి, నీటిలో మునిగిన రాయినీ, దానిమీద తేనెరంగు పాచినీ, పాచిని మేస్తున్న నత్తనూ గీసిందట. చివర ఒక వాక్యం చేర్చింది:

"పెద్దమ్మా, అమ్మ ఇప్పుడు ఫోను వచ్చినప్పుడల్లా ముందు చారు పొయ్యి కట్టేసి వెళుతోంది."